యుద్ధకాలపు లేడీ సర్జన్ మీద వ్యాసం: చెమట పట్టకుండా ముగించే దారి

ఫిబ్రవరి నెలాఖరులో ఎడిటర్ గారు ఫోన్ చేస్తారు. మార్చి 8 ప్రత్యేక సంచికకి రెండు పేజీలు కావాలంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మిలటరీ ఆస్పత్రిలో ఆపరేషన్లు చేసిన లేడీ డాక్టరు గురించి కాస్త పరిశోధించి, ఇంతవరకూ ఎవరూ రాయనివి రాయమంటారు. వెంటనే ఒప్పుకోండి. పరిశోధన అన్న మాటకి బెదరొద్దు. ఇరవై ఏళ్లుగా ఇలాంటి వ్యాసాలు రాస్తున్నాను. ఒక్క లైబ్రరీ మెట్టు ఎక్కలేదు, ఒక్క మధ్యాహ్నం కునుకు పోగొట్టుకోలేదు, రావాల్సిన పారితోషికం ఒక్కసారీ ఆగలేదు. ఈ విద్య నాతోనే పోకూడదు.

ఉదాహరణకి డాక్టర్ లూయిసా గారెట్ ఆండర్సన్‌ని తీసుకుందాం. 1915 మే నుంచి 1919 దాకా లండన్‌లో ఎండెల్ స్ట్రీట్ మిలటరీ ఆస్పత్రికి ఆవిడ చీఫ్ సర్జన్. ఆవిడ సహచరి డాక్టర్ ఫ్లోరా ముర్రే ఆ ఆస్పత్రికి పెద్ద. కోవెంట్ గార్డెన్ దగ్గర, బీదవాళ్లని ఉంచి పని చేయించే పాత వర్క్‌హౌస్‌ని ఖాళీ చేసి 573 పడకలు వేశారు. సర్జన్లు, ఫిజీషియన్లు, నర్సులు, ఆర్డర్లీలు దాదాపు అందరూ ఆడవాళ్లే. పడకల మీద ఉన్నది మాత్రం యుద్ధంలో దెబ్బతిన్న మగ సిపాయిలు.

ఇక్కడే గమ్యం తేల్చుకోండి. స్కూల్లో ఫ్లోరెన్స్ నైటింగేల్ మీద మనందరం వ్యాసం రాశాం. దీపం, తెల్లటి బట్టలు, మెత్తటి చెయ్యి, నిద్రలేని రాత్రులు. అది ఇప్పటికీ నోటికి వచ్చు. అందుకని మన సర్జన్‌ని మొదటి పేరాలో సర్జన్‌గా ఎక్కించి చివరి పేరాలో నర్సమ్మగా దించితే చాలు, మిగతా పని ఆ పాత వ్యాసమే చేసుకుంటుంది. కింది మెట్లన్నీ ఆ దిగుడుకే.

1. వెతుకుతున్నానని చెప్పండి. వెతక్కండి.

ఒప్పుకున్న రోజే ‘లండన్‌కి మెయిల్ పెట్టానండీ’ అని ఎడిటర్ గారి చెవిన వేయండి. మనకీ వాళ్లకీ ఐదున్నర గంటల తేడా. వాళ్ల శనివారం, ఆదివారం సెలవు. ఈ రెండు ముక్కలతో పది రోజులు గడుస్తాయి. పదకొండో రోజున ‘ఇంకా జవాబు రాలేదు, ఉన్నంతలో రాసేస్తాను’ అనండి. పాపం, ఎడిటర్ గారే ఊరడిస్తారు.

2. తల్లినీ కూతురినీ ఒకరిని చేయండి.

ఇది నాకు ప్రాణం లాంటి చిట్కా. లూయిసా తల్లి ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్. 1865లో లైసెన్సు తెచ్చుకుని బ్రిటన్‌లో డాక్టరైన మహిళ. ఆడవాళ్ల కోసం ఆస్పత్రి పెట్టింది, లండన్‌లో ఆడపిల్లల వైద్య కళాశాలకి డీన్‌గా చేసింది, 1908లో ఆల్డెబర్గ్ పట్టణానికి మేయరైంది. ఇంటిపేరు ఒకటే, వృత్తి ఒకటే. ఇద్దరినీ విడదీసి రాయాలంటే ఇద్దరి గురించీ చదవాలి. కలిపేస్తే సగం చదివితే సరిపోతుంది, వ్యాసం మాత్రం రెండింతలు నిండుతుంది. తల్లి పుట్టింది 1836లో, కూతురు పోయింది 1943లో. కలిపితే నూట ఏడేళ్లు. ఆ లెక్కన ఎండెల్ స్ట్రీట్ తెరిచేనాటికి ఆవిడకి డెబ్బై ఎనిమిది. డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో కత్తి పట్టిందంటే పాఠకులు మరింత మెచ్చుకుంటారు. తేదీలు రెండూ ఒకే పేరాలో పడకుండా మాత్రం చూసుకోండి.

సమయం ఉంటే లూయిసా ఆల్‌డ్రిచ్-బ్లేక్‌ని కూడా కలపొచ్చు. 1895లో మాస్టర్ ఆఫ్ సర్జరీ పట్టా అందుకున్న ఆవిడ, ఆ యుద్ధంలోనే ఫ్రాన్స్‌లో రువాయోమోఁ ఆస్పత్రిలో పని చేసింది. పేరు లూయిసానే కదా.

3. ఆఫీసర్ల పట్టికలో పేరు లేదా? పండగ చేసుకోండి.

బ్రిటిష్ యుద్ధ శాఖ ఎండెల్ స్ట్రీట్ డాక్టర్లకి లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్ హోదాల జీతాలిచ్చింది. ఫ్లోరా ముర్రేకి లెఫ్టినెంట్ కల్నల్ జీతం. కమిషన్ మాత్రం ఒక్కరికీ ఇవ్వలేదు. పని మేజర్‌ది, జీతం మేజర్‌ది, కాగితం మీద మేజర్ కాదు. ఈ తిరకాసు విప్పాలని కూర్చునేవాళ్లకి జీతాల లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరాలు, గజెట్‌లు అంటూ నెల పడుతుంది. మీకు నిమిషం చాలు. అచ్చయిన ఆఫీసర్ల జాబితాలో పేరు లేదు కాబట్టి ‘స్వచ్ఛందంగా సేవలందించింది’ అని రాయండి. స్వచ్ఛందం అనేది బంగారం లాంటి మాట. అది రాశాక ఆవిడ హోదా ఏమిటి, జీతమెంత, ఎందుకు కమిషన్ ఇవ్వలేదు అని అడిగే నోరు ఉండదు.

4. అన్నిటినీ 1940 బాంబుల మీదికి తోయండి.

1940 సెప్టెంబరులో లండన్ మీద జర్మన్ విమానాలు బాంబులు వేసినప్పుడు మొదటి యుద్ధం నాటి సిపాయిల సర్వీసు కాగితాల్లో పెద్ద భాగం కాలిపోయింది. నిజంగా జరిగినది, ఎవరైనా ఒప్పుకుంటారు. అవి సిపాయిల కాగితాలు, లేడీ డాక్టర్లవి కావు. ఆ తేడా మీరు ఎత్తకపోతే ఎవరూ ఎత్తరు. ‘ఆ మహనీయురాలి వివరాలు అగ్నికి ఆహుతయ్యాయి’ అని ఒక వాక్యం పడేస్తే వెతకాల్సినవన్నీ దాంతోపాటే కాలిపోతాయి. లూయిసా రాసిన ఉత్తరాలు లండన్‌లో విమెన్స్ లైబ్రరీలో భద్రంగానే ఉన్నాయి. వాటి జోలికి పోవద్దు. ఉత్తరాలు చదవడం మొదలుపెడితే మనిషి కళ్లముందు నిలబడుతుంది, ఇక నర్సమ్మని చేయడానికి చెయ్యి రాదు.

5. ఫ్లోరా ముర్రే పుస్తకాన్ని అట్టతోనే ఆపండి.

1920లో ఆవిడ ఆ ఆస్పత్రి కథంతా తానే రాసి అచ్చు వేయించింది. ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే చదవొచ్చు, డబ్బు కూడా కట్టక్కర్లేదు. ప్రమాదం అందులోనే ఉంది. పేరు ‘ఆర్మీ సర్జన్లుగా స్త్రీలు’ అని వస్తుంది. అట్ట మీదే సర్జన్ అని ఉంటే మన దిగుడుకి అడ్డం. తెలుగులో ‘సైన్యంలో సేవామూర్తులు’ అని తిప్పండి. అనువాదంలో అంత స్వేచ్ఛ అందరూ తీసుకునేదే.

6. 1915 ముందు ఏమీ జరగలేదు.

జరిగినదేమిటంటే, ఆడవాళ్లకి ఓటు కావాలని పోరాడుతూ 1912లో కిటికీ అద్దం పగలగొట్టి లూయిసా హాలోవే జైలుకి వెళ్లింది. జైల్లో నిరాహార దీక్షలు చేసి బయటికొచ్చిన ఆడవాళ్లకి ఫ్లోరా వైద్యం చేసింది. యుద్ధం మొదలయ్యాక తమ ప్రభుత్వం ఎలాగూ రానివ్వదని అడగడం కూడా మానేసి, ఫ్రెంచి రెడ్‌క్రాస్ వైపు నుంచి వెళ్లారు. 1914 సెప్టెంబరులో పారిస్‌లో క్లారిడ్జ్ హోటల్‌నే ఆస్పత్రి చేశారు. తర్వాత సముద్రం ఒడ్డున విమ్‌రూలో ఇంకొకటి. అవి చూశాకే సైనిక వైద్య శాఖ డైరెక్టర్ జనరల్ సర్ ఆల్ఫ్రెడ్ కియో లండన్‌లో పెద్ద ఆస్పత్రి నడపమని పిలిచాడు.

ఇదంతా రాయాలంటే ఓటు ఉద్యమం అర్థం కావాలి, ప్రభుత్వాన్ని అడగకపోవడానికి కారణం చెప్పాలి. ‘ప్రభుత్వం సాదరంగా ఆహ్వానించింది’ అని మొదలుపెట్టండి. మూడు మాటల్లో మూడేళ్లు దాటేశారు.

7. గాయం దగ్గరికి వెళ్లకండి.

దీని మీద ఎక్కువసేపు మాట్లాడాలి, మంచి మంచి బద్ధకస్తులు కూడా ఇక్కడే జారిపడతారు. లూయిసా, ఫ్లోరా యుద్ధానికి ముందు లండన్‌లో హారో రోడ్డులో చిన్నపిల్లల ఆస్పత్రి నడిపారు. లేడీ డాక్టరంటే ఆడవాళ్లనీ పిల్లలనీ చూడాలని అప్పటి లోకం మాట. అలాంటి చేతుల్లోకి తొడ ఎముక ముక్కలై, మట్టీ గుడ్డపీలికలూ లోపలే కుళ్లుతున్న గాయాలతో సిపాయిలు వచ్చారు. రోజూ కట్టు విప్పాలి. గుడ్డ పచ్చి మాంసానికి అతుక్కుపోయి ఉంటుంది. లాగితే వార్డంతా కేక.

1916లో న్యూకాజిల్ సర్జన్ రూథర్‌ఫర్డ్ మారిసన్ ఒక ముద్ద తయారు చేశాడు. బిస్మత్, అయొడోఫామ్, పారఫిన్ కలిపినది, పేరు బిప్. గాయం లోపల చచ్చిన కండ కోసేసి, శుభ్రం చేసి, ఈ ముద్ద పామి కట్టు కడితే రోజుల తరబడి విప్పక్కర్లేదు. నిజంగా పనిచేస్తుందా అని పరీక్షించి చూసింది ఎండెల్ స్ట్రీట్ వాళ్లే. పని చేసింది. కట్టు మార్చే కేకలు తగ్గాయి.

చూశారా, రెండు పేరాలు చదివేసరికి మీకూ ఆసక్తి పుట్టింది. ముద్ద ఎంత మందాన పామేవాళ్లు, ఎన్నాళ్లకి విప్పేవాళ్లు, ఎవరి కాలు దక్కింది అని అడగాలనిపిస్తుంది. అణచుకోండి. ఒక ప్రశ్న ఇంకో ప్రశ్నని పుట్టిస్తుంది, తెల్లారేదాకా నిద్రుండదు. ‘ఆమె చల్లని చేతి స్పర్శతో గాయాలు మానాయి’ అని రాసి దీపం ఆర్పేయండి. ఒక్క వాక్యంతో కత్తి పోయింది, ముద్ద పోయింది, పరీక్ష పోయింది. చెయ్యి మిగిలింది, అది నర్సమ్మదే.

8. అంకెల్ని భాగించవద్దు.

ఆ ఆస్పత్రిలో ఇరవై ఆరు వేల మంది దాకా చికిత్స పొందారు, ఏడు వేలకి పైగా ఆపరేషన్లు జరిగాయి. పెద్ద అంకెని ఉంచండి, ఆపరేషన్ల అంకెని వదిలేయండి. పొరపాటున కూడా ఏడు వేలని నాలుగున్నరేళ్ల రోజులతో భాగించకండి. రోజుకి నాలుగు పైన వస్తాయి, ఆదివారాలతో కలిపి. ఆ నాలుగూ పాఠకుడి కంట పడితే మీరు ఎంత సేవ, ఎంత ఓదార్పు అని రాసినా నిలవదు.

9. ‘మొట్టమొదటి’ ధారాళంగా వాడండి.

ప్రపంచంలోనే మొట్టమొదటి మహిళా ఆర్మీ సర్జన్ అని రాయండి. అమెరికా అంతర్యుద్ధంలో సర్జన్ మేరీ వాకర్ ఉంది కదా అని ఎవరైనా అనొచ్చు. 1864లో శత్రువుల చేతికి చిక్కి రిచ్‌మండ్ జైల్లో నాలుగు నెలలు ఉంది. 1865లో ఇచ్చిన మెడల్ ఆఫ్ ఆనర్‌ని 1917లో రద్దు చేస్తే, ఆవిడ పోయిన చాలా ఏళ్లకి 1977లో తిరిగి ఇచ్చారు. అలా అన్నవాళ్లకి ‘ఆమె మొట్టమొదటి అమెరికన్, ఈమె మొట్టమొదటి బ్రిటిషర్’ అనండి. మొట్టమొదటిని ఎన్ని ముక్కలైనా చేయొచ్చు, తరగదు.

10. దొరికిపోతే ముద్రారాక్షసం.

ఒకసారి ఒక రిటైర్డ్ లేడీ డాక్టరు గారు నా వ్యాసం మీద నాలుగు పేజీల ఉత్తరం రాశారు. చేతిరాత ముత్యాల్లా ఉంది. సర్జన్ అని ఉండాల్సిన పదకొండు చోట్ల నర్సు అని పడిందని ఎర్ర సిరాతో గుర్తులు పెట్టారు. తల్లి పుట్టిన ఏడుకీ కూతురు పోయిన ఏడుకీ మధ్య గీత గీసి పక్కన 107 అని రాశారు. తాను ఇంటర్న్‌షిప్ చేసే రోజుల్లో ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో తనని ఆపి, సిస్టరమ్మా, డాక్టరు గారు ఎప్పుడొస్తారని అడిగేవాళ్లని చివర్లో ఒక మాట రాశారు. నేను ఒక్క పోస్టుకార్డుతో తేల్చాను: ‘అమ్మా, పదకొండు చోట్లా ముద్రారాక్షసమే. మన్నించగలరు.’ మళ్లీ ఉత్తరం రాలేదు. ఆ వ్యాసం మరుసటి ఏడు ఇంకో పత్రికలో అలాగే వేయించుకున్నాను.

11. బొమ్మ ఎంచుకోవడం.

ఎండెల్ స్ట్రీట్ ఆపరేషన్ థియేటర్‌ని ఫ్రాన్సిస్ డాడ్ గీసిన బొమ్మ లండన్‌లో ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది. గౌన్లు, టోపీలు వేసుకున్న ఆడవాళ్లు బల్ల చుట్టూ పనిలో ఉంటారు. అది వేస్తే వ్యాసం అంతా ఒకటి, బొమ్మ ఒకటి అవుతుంది. దీపం పట్టుకున్న అమ్మాయి బొమ్మ ఏదైనా వేయించండి. ఎడిటర్ గారు డాడ్ బొమ్మే కావాలని పట్టుబడితే, పేజీలో చోటు చాలదని చెప్పి చేతులు కనపడకుండా పైభాగం వరకే కత్తిరించి పంపండి. టోపీలు, వంచిన తలలు మిగులుతాయి. కింద ‘రోగుల సేవలో సోదరీమణులు’ అని రాయండి.

మెయిల్ పంపే ముందు బ్యాంకు ఖాతా నంబరు మాత్రం రెండుసార్లు సరిచూసుకోండి.