అటక దిగిన ల్యాప్‌టాప్

నన్ను కొన్నది 2014లో. గిద్దలూరు కుర్రాడొకడు ఇంజినీరింగ్ నాతోనే గట్టెక్కించి, ఉద్యోగం రాగానే కొత్తది కొనుక్కుని హైదరాబాద్ వెళ్లాడు. నేను అటకెక్కాను. మార్కాపురంలో జిరాక్స్ షాపు నడిపే వాళ్ల బాబాయి నన్ను దించి రిపేరు కుర్రాడికి చూపించాడు.

"దీనికి విండోస్ పదకొండు ఎక్కదన్నా. పదికేమో 2025 అక్టోబర్‌తో అప్‌డేట్లు ఆపేశారు."

"అయితే పాతసామానోడికి వేసేద్దామా?"

"ఆగన్నా, విండోస్ బదులు గూగుల్‌వాళ్ల క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ వేసి చూద్దాం."

నాకు కొత్తేగానీ ఈ వంశం పాతదే. క్రోమ్ ఓఎస్‌తో 2011లో వచ్చిన తొలి క్రోమ్‌బుక్కుల్లో శామ్‌సంగ్‌దానికి ఉన్నది 2 జీబీ ర్యామ్, 16 జీబీ డిస్కు, ఆటమ్ ప్రాసెసర్. లోపల లైనక్స్, పైన బ్రౌజరు, అంతే సంసారం. పాత కంప్యూటర్లకూ ఇలాంటిదే ఎక్కించే నెవర్‌వేర్ కంపెనీని గూగుల్ 2020లో కొని, 2022లో ఫ్లెక్స్‌ను ఉచితంగా ఇచ్చింది.

ఫ్లెక్స్ ఎక్కించాక నేను కుర్రదాన్నయ్యానని బాబాయి అందరికీ చెబుతాడు. నా ప్రాసెసర్ పాతదే. సగం ఘనత ఆ కుర్రాడు మార్చిన ఎస్‌ఎస్‌డీది. మిగతాది, నా నెత్తిన బరువు దించి ఎక్కడో సర్వర్ల మీద పెట్టడం. మార్కాపురం పలక మీద రాతలాగే, నా మీద చేసిన పని నా దగ్గర పెద్దగా మిగలదు. హాల్‌టికెట్లు, అడంగల్, కరెంటు బిల్లు అన్నీ బ్రౌజరులోనే కాబట్టి రోజు గడిచిపోతుంది. నెట్ పోయిందా, ఇద్దరం ఖాళీ.

పెళ్లిపత్రికల పేజ్‌మేకర్, అను ఫాంట్లు మాత్రం నా వల్ల కావు. షాపులో వేలిముద్ర మిషన్ సాఫ్ట్‌వేరు విండోస్‌కు రాసింది, నన్ను పలకరించదు. ఫ్లెక్స్‌లో ప్లే స్టోర్ కూడా లేదు. అందుకే పక్కన విండోస్ మిషన్ ఒకటి ఉండాల్సిందే. కొత్త క్రోమ్‌బుక్కుల సంగతి వేరు: వాటికి ప్లే స్టోరూ ఉంది, 10 ఏళ్ల అప్‌డేట్ల హామీ కూడా. హెచ్‌పీ 2023 నుంచి వాటిని చెన్నై దగ్గరే తయారు చేయిస్తోంది.

నా భయమల్లా వెబ్‌సైట్ల గురించే. ఓఎస్ తేలికే, తెరిచే పేజీలే ఏటేటా బరువెక్కుతున్నాయి. 2 జీబీతో మొదలైన వంశానికి ఇప్పుడు గూగులే 4 జీబీ కనీసం అంటోంది. నాకున్నది సరిగ్గా అంతే.

మీ అటక మీదా నాలాంటిది ఉంటే పాతసామానుకు వేసే ముందు 8 జీబీ పెన్‌డ్రైవ్ నుంచి ఫ్లెక్స్ నడిపి చూడండి. నచ్చితేనే డిస్కులో ఎక్కించండి. ఎక్కిస్తే పాతవన్నీ చెరిగిపోతాయి, ఫొటోలు ముందే తీసిపెట్టుకోండి.