పరీక్ష నంబరున్న పుస్తకం కొనకండి

నెట్‌వర్క్ డిజైన్ పరీక్షకు ఏ పుస్తకం చదవాలని హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో అడిగి చూడండి. తాజా ఎడిషన్ కొనమంటారు, అట్ట మీద పరీక్ష నంబరు సరిచూసుకోమంటారు, వెనక ప్రాక్టీసు ప్రశ్నలు ఎక్కువున్నదే మంచిదంటారు. ఈ మూడింటికీ నేను ఎదురు చెబుతాను. నా మాట వింటే సర్టిఫికెట్ ఆర్నెల్లు ఆలస్యం కావచ్చు. కానివ్వండి. పరీక్ష గట్టెక్కి ఉద్యోగంలో చేరిన పిల్లలు, ‘ఈ డిజైన్ ఎందుకు ఇలా గీశావు?’ అని అడిగితే నోరు పెగలక నిలబడటం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు నంబరు సంగతి. 2020 ఫిబ్రవరి 24న సిస్కో తన సర్టిఫికేషన్ల వరుసంతా మార్చేసింది. సీసీడీఏ, సీసీడీపీ అనే డిజైన్ సర్టిఫికెట్లు అంతటితో ఆగిపోయాయి. ఆ నంబర్లు చూసి కొన్న పుస్తకాలు అటకెక్కాయి. ప్రిసిల్లా ఓపెన్‌హైమర్ రాసిన ‘టాప్-డౌన్ నెట్‌వర్క్ డిజైన్’ మాత్రం ఇవాళ్టికీ పనికొస్తుంది. దాని మూడో ఎడిషన్ వచ్చింది 2010లో. మొదటి భాగమంతా కస్టమర్ చేసే వ్యాపారం ఏమిటి, ఎంత ఖర్చు పెట్టగలడు, ఉన్న నెట్‌వర్క్ ఏ స్థితిలో ఉంది, ట్రాఫిక్ ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోంది అన్నదే. ఏ పరికరం కొనాలన్న ప్రశ్న మూడో భాగం దాకా రాదు. డిజైన్ అంటే ఆ వరుసే.

ఇక పాత పుస్తకాలు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, లేకపోతే కోఠీలో వెతకండి. జెఫ్ డోయల్ ‘రూటింగ్ టీసీపీ/ఐపీ’ మొదటి సంపుటం 1998 నాటిది దొరికినా వదలొద్దు. పాతకాలపు ఫ్రేమ్ రిలే గురించి వచ్చిన పేజీలు దాటేయమంటారు అందరూ. నేను వాటినే ముందు చదవమంటాను. ఫ్రేమ్ రిలేలో హెడ్ ఆఫీసు రూటర్‌కు ఒకే ఇంటర్‌ఫేస్, దాని మీదుగా బోలెడు బ్రాంచీలు. ఒక బ్రాంచి చెప్పిన రూటును అదే ఇంటర్‌ఫేస్ గుండా ఇంకో బ్రాంచికి చెప్పనివ్వదు స్ప్లిట్ హొరైజన్. ఓఎస్‌పీఎఫ్‌తో అయితే ఇంకో చిక్కు: బ్రాంచీలు ఒకదాని మాట ఒకటి నేరుగా వినలేవు కాబట్టి డిజిగ్నేటెడ్ రూటర్ హెడ్ ఆఫీసులోనే ఉండాలి. ఫ్రేమ్ రిలే పోయింది, డీఎంవీపీఎన్ వచ్చింది. అక్కడా ఒకే టన్నెల్ ఇంటర్‌ఫేస్, బోలెడు బ్రాంచీలు. ఈఐజీఆర్‌పీ నడిపితే హెడ్ ఆఫీసులో స్ప్లిట్ హొరైజన్ తీసేయాలి, ఓఎస్‌పీఎఫ్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతిలో నడిపితే బ్రాంచీల ప్రయారిటీ సున్నా చేయాలి. కొత్త పుస్తకం మాత్రమే చదివినవాడికి ఇవి రెండు కమాండ్లు. పాతది చదివినవాడికి ఇదంతా ఒకే సమస్య, రేపు మూడో పేరుతో వచ్చినా గుర్తుపడతాడు.

ఒకదానితో ఒకటి ఏకీభవించని పుస్తకాలు రెండు కొనండి. రూట్లను కుదించి చెప్పడం మంచిదని ఒకటి అంటుంది, అలా కుదిస్తే ప్యాకెట్ చుట్టుదారి పట్టొచ్చని రెండోది హెచ్చరిస్తుంది. రెండూ నిజమే. ఓఎస్‌పీఎఫ్‌లో అయితే ఏరియా సరిహద్దులోనో, బయటి రూట్లు లోపలికొచ్చే చోటో తప్ప కుదించలేం కాబట్టి ఏరియా గీత ఎక్కడ గీయాలన్నదే అసలు తగువు. ఆ తగువు మీ బుర్రలో కొన్నాళ్లు నడవాలి. నాలుగు జవాబుల్లో ఒకటి టిక్కు పెట్టే పరీక్షలో దీనివల్ల మీ చెయ్యి తడబడుతుంది, అది నాకు తెలుసు.

ప్రాక్టీసు ప్రశ్నలున్న పేజీలకు స్టేప్లర్ కొట్టేయండి. మొదటిసారి చదవడం పూర్తయ్యేదాకా విప్పొద్దు. ప్రశ్న ముందు చూస్తే కళ్లు జవాబు కోసమే వెతుకుతాయి, పేరా మొత్తం జారిపోతుంది. లీకైన పరీక్ష ప్రశ్నల కట్టలు, అంటే డంప్స్, వాటి జోలికి అసలే పోకండి. పరీక్షకు ముందు గోప్యతా ఒప్పందానికి ఒప్పుకుంటారు, దాన్ని మీరితే సర్టిఫికెట్ రద్దు చేసే హక్కు సిస్కోకు ఉంది.

ఓఎస్‌పీఎఫ్ మీద మూడో పుస్తకం కొనే డబ్బు మిగుల్చుకుని ఆర్‌ఎఫ్‌సీ 2328 ప్రింటు తీసుకోండి. జాన్ మోయ్ 1998లో రాసిన ఆ పత్రం 244 పేజీలు, ఉచితం. నెమ్మదిగా సాగుతుంది, పరీక్షకు అక్కర్లేనిది అందులో చాలా ఉంది. అయినా చదవండి.

ఇంత కష్టం ఎందుకంటే, సిస్కో డిజైన్ సర్టిఫికెట్లలో పై మెట్టున సీసీడీఈ ప్రాక్టికల్ పరీక్ష ఉంది. ఎనిమిది గంటలు. ఒక్క కమాండ్ కూడా కొట్టనక్కర్లేదు. కంపెనీ నేపథ్యం, ఈమెయిళ్లు, నెట్‌వర్క్ బొమ్మలు ముందుంచి, ఏం చేస్తావు, ఎందుకు చేస్తావు అని అడుగుతారు. కింది మెట్లన్నీ నంబరు పుస్తకాలతో ఎక్కినవాళ్లకు ఆ ‘ఎందుకు’ దగ్గరే కాళ్లాడవు.

సిలబస్ పత్రం అన్నిటికన్నా చివర తెరవండి. సిస్కో సైటులో ఎవరైనా చూడొచ్చు. 300-420 డిజైన్ పరీక్ష రాసేవాళ్లకు అప్పుడు ఖాళీలు కనిపిస్తాయి, ముఖ్యంగా ఎస్‌డీ-యాక్సెస్, ఎస్‌డీ-వాన్. పాత పుస్తకాల్లో ఇవి ఉండవు. వాటి డిజైన్ గైడ్లు సిస్కోయే ఉచితంగా ఇస్తుంది, పుస్తకం కొననక్కర్లేదు.