అవ్వ వాక్యమునకు టీకాతాత్పర్యములు

మూలము: “ఏందబ్బాయ్, పొద్దస్తమానం అదే మోతా? ఇంకోటి రాదా?”

అవతారిక. కనిగిరి కొండ క్రింది యొక వీథిలో, గురుముఖమున గాక సెల్‌ఫోను ముఖమున గిటారు నేర్చి, సి, జి, ఎ మైనర్, ఎఫ్ అను నాలుగు కార్డులను మేడమీద నిత్యపారాయణము చేయు పడుచువానిం గూర్చి, ప్రక్క మేడపై వడియములు పెట్టుచు అవ్వ పలికినది.

టీక. అబ్బాయ్ = ఓ స్వయంశిక్షితుడా; పొద్దస్తమానం = ఉదయము మొదలుకొని అస్తమయము వఱకు (కరెంటు పోయినను నిలువదు; చెక్కగిటారునకు దానితో పనిలేదు గదా); అదే = వ్రేళ్లకు వచ్చి చెవికి విసుగైనదే; మోతా = చప్పుడా (పాట యనకుండుట గమనింపదగును); ఇంకోటి = వేఱొకటి; రాదా = రాదని యెఱిగియే యడుగుట.

విశేషము. “ఇంకోటి” యనగా మఱియొక పాట యని స్థూలబుద్ధులు చెప్పుదురు, అది సరికాదు. ఆ నాలుగు కార్డులలో నిముడు పాటలు నూఱు నేర్చినను అవ్వకు వినబడునది యొక్కటే. చూపుడువ్రేలితో ఆఱు తీగలను అదిమిపట్టవలసిన ఎఫ్ కార్డునకు వెఱచి, మనవాడు దాని సగమే పట్టి నెట్టుకొనివచ్చుచున్నాడు. గాడి యచ్చటనే పడినది. నిండుగా పట్టనేర్చెనా, ఆ పట్టే రెండు మెట్లు ముందుకు జరుగగా జి యగును. ఆదివారము చర్చిలో మనవాడు వాయింపగా పాడువారు, ఒంగోలు బాప్టిస్టు మిషను నాటినుండి కీర్తనలకు కొఱతలేని యీ సీమవారు గనుక, చెప్పకయే శ్రుతి నొక మెట్టు హెచ్చించినను, కేపో (తీగలను అదిమిపట్టు బిగింపు) కొఱకు జేబులు తడవుకొన నక్కఱలేదు. వారు మనవానికొఱకు ఆగరు, సెల్‌ఫోను ఆగును. భేదమంతయు నిందే యున్నది.

1928లో అగ్నిప్రమాదమున ఎడమచేతి రెండు వ్రేళ్లు చెడిన గిటారు వాదకుడు జాంగో రైన్‌హార్ట్, అలవాటైన బాటలు మూసికొనిపోగా, ప్రధానముగా తక్కిన వ్రేళ్లతోనే క్రొత్త బాట త్రొక్కెను. మనవాని కంత యాపద యేల? మోహనరాగములోని యైదు స్వరములను ఒక్క తీగమీదనే క్రిందినుండి పైకి వాయింపుమన్న చాలును. వ్రేళ్లు దారి తప్పును, చెవి మేల్కొనును. అటుపిమ్మట దానినే ఫోనులో పట్టి మఱునాడు వినవలెను. ఇది కొంత క్రూరమైన చికిత్స.

పాఠాంతరము. “ఇంకోటి రాదా” యనుటకు మాఱుగా “మెల్లగానైనా కొట్టవా” యని యెదురింటివారి పాఠము. తక్కువ చప్పుడుతో నని లోకులు; మెట్రోనోమును నిమిషమునకు 60కి దించి, సరళీవరుసలవలె మొదటికాలము కుదిరినపిమ్మటనే రెండవకాలమునకు పోవలెనని మేము. అవ్వ నడుగగా, రెండర్థములును సమ్మతమే గాని వడియములెండి తాను క్రిందికి దిగినపిమ్మట మొదలుపెట్టుమనెను.