కుక్కకు నోబెల్, మోకాలికి భోజన విరామం

మన టెట్, డీఎస్సీ గైడ్లలో శాస్త్రీయ నిబంధనం (ఒక సంకేతానికి శరీరం అలవాటుపడి దానంతటదే స్పందించడం) అంటే మూడే ముక్కలు: కుక్క, గంట, లాలాజలం. ప్రశ్నలో ‘గంట’ కనబడగానే అభ్యర్థి వేలు దానంతటదే ‘పావ్‌లోవ్’ మీద పడుతుంది. సిద్ధాంతానికి ఇంతకన్నా గట్టి రుజువు దొరకదు.

ఈ రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ గంట వాడనే లేదని కాదు. సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎక్కువగా నడిచినవి మాత్రం మెట్రోనోమ్ టిక్కుటిక్కులు, దీపాలు, చర్మం మీద స్పర్శ. కరెంటు షాకు కూడా. షాకు తీగలు బొమ్మలో బాగుండవు కాబట్టి పాఠ్యపుస్తకాలు ఆయన చేతికి గంట ఇచ్చాయి. అసలు ఆయన మనసు జోలికి పోదామనుకున్నవాడే కాదు. పని జీర్ణరసాల మీద. కుక్కల జఠరరసాన్ని సీసాలకెత్తి అజీర్తి మందుగా అమ్మించాడు కూడా (తాగిన పెద్దమనుషులకు నా జోహార్లు). తిండి నోట్లో పడకముందే, చూపుకే లాలాజలం ఊరడం మొదట్లో ఆయన లెక్కలకు అడ్డొచ్చిన తలనొప్పి.

ఇక నిజంగా గంట కొట్టినవాడు ఎడ్విన్ ట్విట్‌మయర్. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మోకాలి కుదుపును కొలుస్తూ, సుత్తి దెబ్బకు కాస్త ముందు హెచ్చరికగా గంట మోగించేవాడు. ఓసారి గంట మోగింది, సుత్తి పడలేదు. ప్రయోగానికి కూర్చున్న మనిషి కాలు మాత్రం ఎగిరింది. కావాలని కదిపావా అంటే, లేదన్నాడా మనిషి. 1902కల్లా ట్విట్‌మయర్ దీన్ని సిద్ధాంత వ్యాసంగా రాసేశాడు. అదీ కుక్క మీద కాదు, మనుషుల మీద!

1904 డిసెంబరులో పావ్‌లోవ్ స్టాక్‌హోంలో నోబెల్ అందుకున్నాడు, జీర్ణక్రియ పరిశోధనకు. అదే నెలలో ఫిలడెల్ఫియాలో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ సభలో ట్విట్‌మయర్ తన పత్రం చదివాడు. అధ్యక్షస్థానంలో విలియం జేమ్స్ అంతటివాడు. ఎవరూ నోరు విప్పలేదు. భోజన వేళైందని సభ లేచిపోయిందని చెబుతారు. ప్రతిచర్య గురించి వినడానికొచ్చిన పండితులు గడియారం చూశారు, నోరూరింది, కాళ్లు వాటంతటవే తలుపు వైపు నడిచాయి. పావ్‌లోవ్ ఆ గదిలో ఉంటే కొలపాత్ర తెప్పించేవాడు.

ట్విట్‌మయర్ ఆ దారి వదిలేసి, మాట తడబడేవారి చికిత్సకు అంకితమయ్యాడు. ఆయన సిద్ధాంత వ్యాసాన్ని ఓ అమెరికన్ మనోవిజ్ఞాన పత్రిక గుర్తుపెట్టుకుని తిరిగి అచ్చువేసింది, 1974లో. ఆయన 1943లోనే పోయాడు.