ఎయిర్‌పోర్ట్ దాకా మా పూచీ

ఒళ్ళు తగ్గించడానికి కడుపులో ముప్పాతిక వంతుకు పైగా కోసి అవతల పారేసే ఆపరేషన్‌ని యాత్రా ప్యాకేజీలా అమ్మొచ్చని మొట్టమొదట ఎవరికి తట్టిందో గానీ, ఆ మహానుభావుడికి వ్యాపారం బాగా తెలుసు. మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు. ఎయిర్‌పోర్ట్ నుంచి పికప్, తోడొచ్చినవాళ్ళకి పడక, ఉచితంగా డైట్ ఛార్ట్, తిరిగి ఎయిర్‌పోర్ట్‌లో డ్రాప్. ఈఎంఐ సౌకర్యం కలదు. శ్రీకాకుళం నుంచి వచ్చేవారికోసం కారు సికింద్రాబాద్ స్టేషన్‌కి వెళ్తుంది, డాలస్ నుంచి వచ్చేవారికోసం శంషాబాద్ వెళ్తుంది. డిసెంబరు సెలవులకు దిగే ఎన్నారైకైతే పళ్ళ డాక్టరు, పట్టుచీరల షాపింగు, తిరుపతి దర్శనం, కడుపు కుదింపు అన్నీ మూడు వారాల్లో ఇమిడిపోయేలా తేదీలు కూడా వాళ్ళే చూసిపెడతారు. ఇన్ని చెప్పిన ప్రకటనలో అయిదో రోజు ప్రస్తావన మాత్రం ఎక్కడా ఉండదు. ప్యాకేజీ అమ్మినవాడి పంచాంగంలో అసలు అయిదో రోజనేదే లేదు. ఆపరేషన్ అయిన కడుపు మాత్రం ఇంకో పంచాంగం చూసుకుంటుంది.

ఆ పంచాంగం ఎలా నడుస్తుందో కాస్త చూద్దాం. స్లీవ్ అనే ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని నిలువునా స్టేపుల్ చేసి, సన్నటి గొట్టం మిగిల్చి, తక్కినదంతా తీసేస్తారు. ఆ స్టేపుల్ గీత పొడవైనది. నూటికి ఒకరిద్దరిలో అది ఎక్కడో ఒకచోట విడిపోయి, లోపలి ద్రవం పొట్టలోకి కారుతుంది. ఆ సంగతి చాలామందిలో ఇంటికి పంపేశాకే, మొదటి వారం చివర్లోనో రెండో వారంలోనో బయటపడుతుంది. కాలి సిరల్లో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం సుమారు నెల్లాళ్ళు వెంటాడుతుంది. ఆ నెలలోనే విమానం సీట్లో గంటల తరబడి ముడుచుకుని కూర్చుంటే ఆ గండం తగ్గదని చెప్పడానికి డాక్టరే కానక్కర్లేదు. వాంతులు ఆగని మనిషిలో థయామిన్ అనే బి1 విటమిన్ నిల్వలు రెండు మూడు వారాలకే అడుగంటుతాయి. పిత్తాశయంలో రాళ్ళ సంగతి సరేసరి. ఇక గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవారికి ఇంకో ముడి ఉంది. పేగుని కత్తిరించి కొత్త దారిలో అతికించినప్పుడు లోపల సందులు ఏర్పడతాయి. సర్జన్ వాటిని కుట్టి మూసినా, ఒళ్ళు తగ్గేకొద్దీ లోపలి కొవ్వు కరిగి అవి మళ్ళీ తెరుచుకోవచ్చు. ఏ ఏడాదికో రెండేళ్ళకో పేగు మెలిక ఒకటి అందులో దూరి బిగుసుకుంటుంది. అంటే ఆపరేషన్ ఎంత బాగా పనిచేస్తే ఈ ప్రమాదానికి దారి అంత వెడల్పవుతుందన్నమాట. 'ముందు, తర్వాత' ఫోటోల్లో 'తర్వాత' వైపు, వదులైన ప్యాంటు నడుముని ముందుకు లాగి చూపిస్తూ నవ్వుతున్నారే, ఆయనే దీనికి తగిన అభ్యర్థి. ఆ సమయానికి ఆయన ఎక్కడుంటాడు? పలాసలోనో, పులివెందులలోనో, ప్లేనోలోనో.

ఆ పలాసలో అర్ధరాత్రి కడుపునొప్పి మొదలైందనుకోండి. 108కి ఫోన్ చేస్తే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తారు గానీ ఆపరేషన్ చేసిన బంజారాహిల్స్ ఆసుపత్రికి తీసుకెళ్ళరు కదా. మన దగ్గర కడుపునొప్పికి ఊరందరూ కలిసి పెట్టుకున్న పేరు గ్యాస్. గ్యాస్ తగ్గడానికి ఒక పాంటాప్ ఇంజెక్షన్, నొప్పికి డైక్లోఫెనాక్, నీరసానికి స్టాండుకి వేలాడే గ్లూకోజ్ సీసా. తెల్లారేసరికి సర్దుకుంటుంది, తీసుకెళ్ళండి. మామూలు కడుపుకి మామూలు వైద్యం ఇది, ఆ డ్యూటీ డాక్టర్ని తప్పుపట్టడానికేం లేదు. తన ముందున్నది మామూలు కడుపు కాదని ఆయనకు ఎవరు చెప్పారు గనక? బైపాస్ అయినవారికి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు వాడితే కుట్టు దగ్గర పుండు పడి, చిల్లు కూడా పడొచ్చు. వారాల తరబడి వాంతులు చేసుకుంటున్న మనిషికి థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడే దెబ్బతినొచ్చు. చూపు నిలవదు, నడక తూలుతుంది, మాట తికమకపడుతుంది. వైద్యంలో దీన్ని వెర్నికీ అంటారు, వార్డులో 'తాగొచ్చాడేమో చూడండి' అంటారు. మన ఊళ్ళలో దేవుడి తర్వాత దేవుడంతటి గ్లూకోజ్ సీసా ఈ ఒక్క రోగికి శత్రువు కాగలదని ప్యాకేజీ వాడు ఏ కాగితం మీదా రాయడు. గ్లూకోజ్ కంటే ముందు థయామిన్ ఎక్కించండి అని ఒక్క వాక్యం రోగి జేబులో ఉంటే సరిపోయేది. ఆ ఇంజెక్షనేమీ అమెరికా నుంచి తెప్పించుకునేది కాదు.

లీక్ అయినవారి అవస్థ ఇంకో రకం. భారీ శరీరంలో పొట్ట బిగదీసుకుపోవడం, జ్వరం రావడం లాంటి పాఠ్యపుస్తకం గుర్తులు కనబడకపోవచ్చు. నాడి నిమిషానికి 120 దాటి దిగనంటే అదే పెద్ద గంట మోగినట్టు. ఆ గంట అర్థం తెలియని చోట 'టెన్షన్ పడకండి' అని ఈసీజీ తీసి ఇంటికి పంపుతారు. మెలికపడ్డ పేగు ఇంకా గడుసుది. నొప్పి వస్తుంది, పోతుంది. రక్తపరీక్షలు బాగానే ఉంటాయి, ఎక్స్‌రే బాగానే ఉంటుంది, సీటీ స్కాన్‌లో కూడా ఏం వెతకాలో తెలిసిన కంటికే చిక్కుతుంది. పేగు నల్లబడటానికి మాత్రం కొన్ని గంటలు చాలు. ఆ గంటల్లోనే ఒక సర్జన్ గారు ధైర్యం చేయలేక 'ఎక్కడ చేయించుకున్నారో అక్కడికే పోండి' అంటారు. ఆయనదీ పూర్తిగా తప్పనలేం. లోపల ఎవరో గీసిన పటం ఆయన చేతిలో లేదు. ఏ ఆపరేషన్ చేశారు, పేగు ఎంత పొడవు వదిలి ఎక్కడ కలిపారు, సందులు మూశారా లేదా అన్నవి ఆపరేషన్ నోట్స్‌లో ఉంటాయి. రోగి చేతికిచ్చిన డిశ్చార్జి కాగితంలో మాత్రం అంతా సవ్యంగా జరిగిందన్న ఇంగ్లీషు వాక్యమొకటి, బిల్లు సంఖ్య ఒకటి ఉంటాయి.

దీనికి మన పరువు కూడా తోడవుతుంది. ఈ ఆపరేషన్ చేయించుకున్నవారి శ్రమలో సగం దాన్ని దాచడానికే పోతుంది. పెళ్ళిచూపులకు ముందు చేయించుకుంటే అత్తవారికి తెలియకూడదు, చిన్నమామయ్యకు అసలే తెలియకూడదు. ఎలా తగ్గావమ్మా అంటే వాకింగ్ అనో, వీరమాచనేని డైట్ అనో చెప్పేస్తారు. ఆసుపత్రివాళ్ళు ఈ గుట్టుని ప్రోత్సహిస్తారు కూడా: మచ్చ కనపడదు, ఎవరికీ తెలియదు అన్నది ప్రకటనలో పెద్దక్షరాల మాట. తీరా స్పృహ తప్పిన పిల్లని ఆసుపత్రికి మోసుకొచ్చిన మేనమామ 'ఇదివరకు ఆపరేషన్లేమైనా అయ్యాయా?' అన్న ప్రశ్నకు నిజాయితీగా లేదంటాడు. అతనికి తెలిస్తే కదా. గుట్టుని సరుకుగా అమ్మినవాడు, ఆ గుట్టు ప్రాణం మీదికి తెచ్చే పరిస్థితి గురించి కూడా ఒక మాట చెప్పి ఉండాల్సింది.

ఇక సాక్ష్యాల సంగతి. ఈ ఆపరేషన్లు ఆయుష్షు పెంచుతాయని ప్రకటనలు చెప్పేది అబద్ధం కాదు. అందుకు గట్టి ఆధారం స్వీడన్‌లో 1987లో మొదలైన అధ్యయనం. ఆపరేషన్ చేయించుకున్న రెండు వేల మందిని, చేయించుకోని రెండు వేల మందిని ఏళ్ళ తరబడి గమనించి, మొదటి గుంపులో మరణాలు సుమారు పావు వంతు తక్కువని తేల్చారు. చక్కటి పని. కాకపోతే ఆ అధ్యయనంలో పాల్గొన్నవి 25 సర్జరీ విభాగాలు, 480 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు. ఈ 480 అన్న సంఖ్యని మన హోర్డింగులు ఎందుకో మింగేస్తాయి. పైగా అక్కడ ఎక్కువమందికి చేసింది ఇప్పుడు దాదాపుగా వదిలేసిన పాత పద్ధతి. ఈనాడు ఊరూరా అమ్ముతున్న స్లీవ్ అందులో లేనేలేదు. అమెరికాలో 2009లో వచ్చిన మరో అధ్యయనం మరణాలు వెయ్యికి ముగ్గురని చెప్పింది. మంచి అంకె, ధైర్యమిచ్చే అంకె. వాళ్ళు లెక్కపెట్టింది 30 రోజులు. మన ప్యాకేజీ నాలుగో రోజు సాయంత్రమే లెక్క మూసేసి, ఫలితం మాత్రం వాళ్ళది చదువుతుంది. స్వీడన్ వాడి ఫలితం, వాట్సాప్ వాడి ఫాలోఅప్! పైగా డిశ్చార్జి రోజు రిసెప్షన్ దగ్గర ఒక క్యూఆర్ కోడ్ చూపించి రివ్యూ అడుగుతారు. నాలుగో రోజు మనిషికి నొప్పి తగ్గింది, నర్సమ్మలు మంచివాళ్ళు, కిటికీలోంచి చెరువు కనపడింది, అయిదు నక్షత్రాలు. లీక్ రావాల్సిన రోజు ఇంకా రాలేదు గనక ఆ నక్షత్రాలు నిజమే. వంతెన సగం దాటినవాడిని ఆపి వంతెన ఎలా ఉందని అడిగి, ఆ జవాబుని అవతలి ఒడ్డున బోర్డు కట్టడం లాంటిది ఇది.

ఇదేదో మన దేశపు వెనకబాటుతనం అనుకునేవాళ్ళు కాస్త బయటికి చూడాలి. అమెరికన్లు సరిహద్దు దాటి మెక్సికోలోని తిహువానాకి చవగ్గా ఈ ఆపరేషన్ కోసం వెళ్ళి, ఆఖరి అస్త్రాలుగా దాచుకునే యాంటీబయాటిక్స్‌కు కూడా లొంగని సూడోమోనాస్ బాక్టీరియాని వెంటబెట్టుకుని వివిధ రాష్ట్రాలకు తిరిగొచ్చారు. 2019 జనవరిలో వాళ్ళ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రయాణికులకు హెచ్చరిక జారీ చేయాల్సొచ్చింది. బ్రిటన్ నుంచి టర్కీకి ఇదే పనిమీద వెళ్ళి ఏడుగురు చనిపోయారని 2023లో బీబీసీ బయటపెట్టింది. అక్కడ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషన్ కోసం ఏళ్ళ తరబడి వరుస, ఇస్తాంబుల్‌లో వారం రోజుల్లో పని పూర్తి, హోటల్ గది అదనం. తేడా వచ్చినవారిని మళ్ళీ చేర్చుకుని బాగుచేసే ఖర్చు మాత్రం ఆ వరుసలో నిలబెట్టిన ప్రభుత్వ ఆసుపత్రిదే. లాభం ఒక దేశానికి, రాత్రి డ్యూటీ ఇంకో దేశానికి. మన హైదరాబాద్ ఈ ఆటలో ఇస్తాంబుల్ పాత్ర పోషిస్తోంది. పలాస సర్కారు ఆసుపత్రి బ్రిటన్ పాత్ర పోషిస్తోంది, జీతం మాత్రం పలాసదే.

అయితే ఆపరేషనే వద్దంటారా అని అడుగుతారు. కాదు. ఊబకాయంతో మధుమేహం అదుపు తప్పినవారికి, నిద్రలో ఊపిరి ఆగేవారికి ఇది నిజంగా ప్రాణం పోసే వైద్యం. పలాసలో ఇలాంటి సర్జన్ లేడు కాబట్టి రోగి పట్నం రాక తప్పదు కదా అన్నది ఇంకో మాట, అదీ నిజమే. కానీ దాంతో తేలేదేమిటి? రోగి వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి రావాల్సినప్పుడు ఆసుపత్రి పూచీ ఆ వందల కిలోమీటర్లూ సాగాలి. దూరం ఎక్కువ కాబట్టి బాధ్యత తక్కువ అనే లెక్క వీళ్ళకే చెల్లింది. మూడో మాట: రోగులే ఫాలోఅప్‌కి రారండీ, విటమిన్ మాత్రలు మానేస్తారండీ, మేమేం చేస్తాం? రారు, ఒప్పుకుంటాను. సెలవు పెట్టి, రైలు టికెట్ దొరికించుకుని, పది నిమిషాల మాటకోసం రాను పోను రెండు రాత్రులు ప్రయాణం చేసే జనం ఎక్కడా ఉండరు. అందుకే ఆ ఊరి ఫిజీషియన్‌కో సర్జన్‌కో ఆపరేషన్ రోజే ఒక ఉత్తరం వెళ్ళాలి. అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళిలోనే ఉంది. కానీ అడగాలని ఎవరికి తెలుసు? స్పృహ తప్పినవాడు అడగడు. బీమా గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది: బీఎమ్ఐ 40, లేదా తీవ్రమైన జబ్బులుంటే 35 దాటకపోతే ఈ ఆపరేషన్‌కి బీమా వర్తించదన్న మినహాయింపు మన పాలసీల్లో అచ్చేసి ఉంటుంది. ఆ గీత కింద ఈఎంఐ మీద చేయించుకున్నవారికి తేడా వస్తే, ఆ తేడా దేని కిందకు వస్తుందన్న వాదన ఐసీయూ గుమ్మంలో మొదలవుతుంది.

ఇంతకీ అడిగేది ఆకాశం కాదు. తెలుగులో, ఇంగ్లీషులో అచ్చేసిన ఒక కార్డు. ఏ ఆపరేషన్, ఏ తేదీన, గుడ్డిగా ముక్కులోంచి గొట్టం వేయకండి, డైక్లోఫెనాక్ ఇవ్వకండి, గ్లూకోజ్ కంటే ముందు థయామిన్, నాడి 120 దాటితే ఇంటికి పంపకండి, ఆదివారం రాత్రి రెండింటికి కూడా సర్జన్ ఎత్తే ఫోన్ నంబరు. మార్కెటింగ్ అమ్మాయి నంబరు వద్దు, ఆవిడ పదింటి నుంచి ఆరింటి దాకానే ఉంటుంది. ఇలాంటి కార్డు చేతికిస్తే రోగులు బెదిరిపోతారని ప్యాకేజీ పెద్దల అభ్యంతరం. బెదిరినవాళ్ళు ఏం చేస్తారు, ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతారు, ఒకరిద్దరు ఆలోచించుకుని చెప్తామని లేస్తారు. లేచేవాళ్ళకి కట్టిన అడ్వాన్సు తిరిగిస్తారో లేదో మాత్రం ప్యాకేజీ వెనక పేజీలో చిన్నక్షరాల్లో ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుని చదవండి.