ఇంట్లో ప్రింటర్ హెడ్ జామ్ అయిందా? ఇక తెరుచుకోకుండా చేసే చిట్కాలు

ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ పనిచేస్తోందంటే అపార్ట్‌మెంట్ మొత్తానికీ మీరే జిరాక్స్ సెంటర్. ఒకరికి హాల్ టికెట్, ఇంకొకరికి ఆధార్ కాపీ, రాత్రి పదింటికి పిల్లల ప్రాజెక్ట్ వర్క్. దీనికి విరుగుడు ఒక్కటే: హెడ్ పూర్తిగా మూసుకుపోవాలి. నాజిల్ రంధ్రం సుమారు 20 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో మూడో వంతు. అందులో ఇంకు ఎండితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం మీ చేతుల్లో ఉంది.

1. నెలల తరబడి ముట్టుకోకండి. వారానికో రంగుల పేజీ తీస్తే ఇంకు కదులుతూ ఉంటుంది, నాజిళ్లు తెరుచుకునే ఉంటాయి. ఆ తప్పు చేయొద్దు. ప్రింటర్‌ను ఎండ పడే కిటికీ పక్కన పెట్టండి. రామగుండం, రెంటచింతల వైపు వాళ్లకు మే నెల ఒక్కటే చాలు.

2. పవర్ బటన్ జోలికి పోకండి. బటన్ నొక్కి ఆపితే హెడ్ పక్కకెళ్లి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. ఇక గాలి తగలదు, ఇంకు ఆరదు. ప్రింట్ మధ్యలో ప్లగ్ పీకేయండి. ఎవరైనా అడిగితే, "కరెంటు ఆదా చేస్తున్నా" అనండి.

3. హెడ్ క్లీనింగ్ ఆపకుండా కొట్టండి. ఇది అన్నిటికన్నా సుఖమైన చిట్కా, కూర్చున్న చోటు నుంచి కదలక్కర్లేదు. ముందు నాజిల్ చెక్ తీసి ఏ రంగు తెగిందో చూడమంటారు. చూడకండి. రెండు మూడు సార్లకు ఫలితం లేకపోతే ఆపి, కొన్ని గంటలు వదిలేయమంటారు. ఆ విరామంలో ఎండిన ఇంకు మెత్తబడే ప్రమాదం ఉంది కాబట్టి అస్సలు ఆగకండి. క్లీనింగ్ చేసిన ప్రతిసారీ మంచి ఇంకు అడుగునున్న వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది. ప్యాడ్ నిండినట్టు లెక్క తేలగానే చాలా ప్రింటర్లు లైట్లు వెలిగించి పని ఆపేస్తాయి. ఇంట్లోవాళ్లకు మాత్రం మీరు సాయంత్రమంతా రిపేరు చేస్తూ కష్టపడ్డట్టే కనిపిస్తుంది.

4. బోరు నీళ్లు వాడండి. తెలిసినవాళ్లు డిస్టిల్డ్ వాటర్ తెమ్మంటారు. అంత దూరం ఎవరు వెళ్తారు? బోరు నీళ్లలోని ఉప్పు నాజిళ్లలో పేరుకుంటుంది. సిరంజితో గట్టిగా ఒత్తి కొట్టండి, పక్కనున్న సర్క్యూట్ కూడా తడవాలి. ఓపిక మిగిలితే గుండుసూదితో పొడవండి.

5. ట్యాంకు ఖాళీ అయినా ప్రింట్ ఇస్తూనే ఉండండి. హెచ్‌పీ, కానన్ ఇంక్‌జెట్ హెడ్లలో బుల్లి హీటర్లు ఉంటాయి, వాటిని చల్లబరిచేది ఇంకే. ఇంకు లేకుండా నడిపితే కాలిపోతాయి. ఎప్సన్ ఇంక్‌జెట్లలో హీటర్ బదులు పీజో ఉంటుంది, కాబట్టి ఆ ప్రింటర్ ఉన్నవాళ్లు నాలుగో చిట్కానే నమ్ముకోవాలి.

6. ఒక్క జాగ్రత్త. కొన్ని రకాల్లో హెడ్ కార్ట్రిడ్జ్‌కే అతికి ఉంటుంది. కొత్త కార్ట్రిడ్జ్ వేస్తే కొత్త హెడ్ వచ్చినట్టే, మీ శ్రమంతా బూడిదపాలు. ఇంట్లో ఎవరైనా కొందామంటే వెంటనే ధర ఎత్తండి. "ఆ డబ్బుకు ఎన్ని జిరాక్సులు వస్తాయో తెలుసా?" అని గద్దించండి. లెక్క మాత్రం వేయకండి.

7. మెకానిక్ వచ్చేలోపు వేళ్లకు అంటిన నీలిరంగు కడుక్కోండి. ఏం చేశారని అడిగితే, "ఏం చేయలేదండీ, ఉన్నట్టుండి ఆగిపోయింది" అనండి. గుండుసూది దాచేయండి. పక్క ఫ్లాటు వాళ్లకు "డ్రైవర్ అప్‌డేట్ అవుతోంది" అన్న మాట సరిపోతుంది, అదేమిటని ఎవరూ అడగరు.

8. "హెడ్ మార్చే ఖర్చుకు కొత్త ప్రింటరే వస్తుంది సార్" అని మెకానిక్ అన్నాడంటే మీరు గెలిచారు. ఆ గెలుపును చెడగొట్టుకోకండి. ఇంట్లోవాళ్లు కొత్తది కొందామనగానే, "దసరా ఆఫర్లలో చూద్దాం" అనండి. ఏ ఏడాది దసరాయో చెప్పకండి.