పులి బావ

రుద్రవరంలో మా పెదబావను ఈసారి వరి ఎన్ని బస్తాలయిందని అడిగితే తడుముకుంటాడు. పులి పొడవెంతని అడిగితే మాత్రం జానల్లో చెప్తాడు. తోకతో కలిపి ఒక లెక్క, తోక లేకుండా ఒక లెక్క.

దసరాకు చుట్టాలు దిగితే చాలు, ఉగ్గాని ప్లేటు చేతిలో ఉండగానే "లేయండి, నల్లమలకు పోదాం" అంటాడు. ఖాకీ చొక్కా, మెడలో బైనాక్యులర్. అందులో ఒక గొట్టానికి ఏనాడో బూజు పట్టింది కాబట్టి అడవినంతా ఒంటికన్నుతోనే చూస్తాడు. కారులో ముందు సీటు ఆయనది. వెనక మేం అయిదుగురం, పులిహోర డబ్బా.

"అడవిలో నోరు మెదపకూడదు" అని అందుకున్నవాడు, నంద్యాల దాటి గిద్దలూరు ఘాట్‌ రోడ్డు ఎక్కినా ఆపలేదు. పులి చారలు మన వేలిముద్రల్లాంటివట. ఒకదాని చారలు ఇంకోదానికి ఉండవట. చెట్లకు కట్టిన కెమెరాల్లో పడ్డ ఫొటోల్లో ఆ చారలు చూసే అటవీశాఖవాళ్ళు లెక్క తేలుస్తారట. 1983లో ఇక్కడ పులుల ప్రాజెక్టు పెట్టినప్పటి నుంచీ కథంతా చెప్పాడు. అన్నీ నిజాలే. బావతో చిక్కల్లా అదే: నిజాలన్నీ వరసగా పేర్చి, చివర్న వాటి పక్కన తను చూసిన పులిని కూర్చోబెడతాడు.

"ఇక్కడే!" అన్నాడు ఒక మలుపులో. రోడ్డుకడ్డంగా నిలబడి బావనే చూసిందట. రెండు మలుపుల తర్వాత మళ్ళీ "ఇక్కడే!" మా చిన్నోడు వేళ్ళు మడిచి ఏడు లెక్కపెట్టాడు. హైదరాబాదు చుట్టాలకైతే ఆ పులి పన్నెండు జానలు. అమెరికా నుంచి వచ్చినవాళ్ళకు గాండ్రిస్తుంది కూడా. బీట్‌ గార్డు ఎదురైతే మాత్రం అడుగుజాడై ఊరుకుంటుంది.

జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ మూసేస్తారు కదా, ఆ మూడు నెలలే బావ పులికి మేత. అక్టోబరుకల్లా ఇంకో జాన పెరుగుతుంది.

"నిజంగా చూసినావా బావా?" అని ఒకసారి అడిగాను. బావ అహోబిలం వైపు దండం పెట్టాడు. కనుమనాడు మొదలుపెట్టి అహోబిలం నరసింహస్వామి పారువేటకని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతాడు. "సామి అంతటోడే వేటకని మన ఊర్లకొస్తా ఉంటే, పులి రాదా అబ్బీ?" అన్నాడు. దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

పచ్చర్లలో సఫారీ జీపెక్కాం. నెమళ్ళు కనిపించాయి. దుప్పుల మంద ఒకటి తలలెత్తి మమ్మల్ని చూసి, మళ్ళీ మేతలో పడింది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. బావ తల కూడా తిప్పలేదు. "ఇవేముండాయ్, మా చేలోకే వస్తాయి." వెదురు పొదల్లోంచి అడవిపంది బయటికొస్తే మా చిన్నోడు ఫోన్‌లో ఫొటో తీసి మురిసిపోతూ చూపించాడు. రాత్రంతా మంచె మీద డబ్బా కొట్టి పందుల్ని తరుముకునే బావ, ఆ ఫొటోను అప్పులవాణ్ణి చూసినట్టు చూశాడు.

పులి రాలేదు. తిరుగుదారిలో తిందామని ఆగితే, పులిహోర డబ్బా కోతి ఎత్తుకుపోయింది.

మొన్న సంక్రాంతికి ముందు అక్క ఫోన్‌ చేసింది. కొండవార చేలో తడిమట్టి మీద జాడలు పడ్డాయట. అటవీశాఖవాళ్ళు వచ్చి కొలిచి, పెద్దపులివేనని చెప్పి, చీకటిపడ్డాక చేలకు పోవద్దన్నారట. మా చిన్నోడు ఎగిరి గంతేశాడు. ఫోన్‌ లాక్కుని, "మామా, రేపే వస్తున్నాం!" అన్నాడు.

"ఇప్పుడొద్దు నాయనా, చలి జాస్తి" అన్నాడు బావ. వెనకాల గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది.

మంచె ఎక్కి అప్పటికి నాలుగు రోజులైందట.